నేను చేసిన తర్జుమా

కిందటి నెల రేషను కార్డుల సంగతి వ్రాస్తూ, వచ్చే నెల ఇంతకంటె తేలికైన విషయం ఎత్తుకుంటానని మాట ఇచ్చాను. ఆ మాట నిలుపుకోలేకపోతున్నాను, పాఠకులు మన్నించాలి. ఈ నెల వ్రాయబోయేది ఆడవాళ్ళ పొత్తికడుపు నొప్పి గురించి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇటువంటివి వ్రాయవచ్చునా అని నాలుగు రోజులు తటపటాయించాను. "ఇంటిల్లిపాదీ చదువుతారు గనుకనే వ్రాయండి" అన్నది మా ఇంటావిడ. సంగతి ఆమెది. ఆమె సెలవు మీదనే వ్రాస్తున్నాను.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రెంటిలోనూ తడుముకోకుండా మాట్లాడతానని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. చదివింది పదో తరగతే అయినా, మా మిల్లు ఆఫీసులో తెలుగు కూలీలు ఎవరైనా వస్తే వాళ్ళ మాట మేనేజరుగారికి చెప్పడానికి నన్నే పిలుస్తారు. మా ఆవిడది మదనపల్లె ప్రాంతం. 2004లో కాపురానికి వచ్చేనాటికి ఆమెకు తమిళం ఒక్క ముక్క రాదు. కూరల బేరం ఆరు నెలల్లో పట్టుబడింది. కాని డాక్టరు ఎదుట కూర్చొని ఒంట్లో బాధ చెప్పుకునేటంత తమిళం ఎన్నేళ్ళకూ రాలేదు. అందుచేత ఆస్పత్రికి ఎప్పుడు వెళ్ళినా, చెప్పేది ఆమె, తర్జుమా చేసేది నేను.

2009లో మా అమ్మాయి పుట్టింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి ఆమెకు ఈ బాధ ముదిరింది. నిజానికి పెళ్ళికి ముందునుంచీ ఉన్నదేనట. ముట్టు నొప్పి అందరికీ ఉండేదే గదా అని ఊరుకున్నదట. మొదటిసారి డాక్టరు దగ్గరకు బయలుదేరేముందు ఆమె నాతో చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "పొత్తికడుపులో పోట్లు పొడుస్తున్నాయండీ. నడుములోంచి తొడలదాకా లాగేస్తున్నది. ముట్టు రోజుల్లో దొడ్డికి కూర్చుంటే కత్తి పెట్టి కోసినట్లుంటుంది. ఆ నాలుగు రోజులే కాదు, ముందు వారం, తరువాతి వారం కూడా లోపల సలుపు." ఇంకొక మాట కూడా చెప్పమన్నది. అది భార్యాభర్తల మధ్య మాట. ఆ సమయంలోనూ నొప్పేనని.

డాక్టరుగారు "ఏమిటి?" అని అడిగారు. నేను ఏమని చెప్పానో చిత్తగించండి: "మాసా మాసం వర్ర వయిత్తు వలిదాన్, డాక్టర్." అంటే, నెలనెలా వచ్చే కడుపునొప్పేనండీ, అని. అంతే. పోటు, లాగుడు, కోత, సలుపు అన్నీ కలిపి ఒక్క 'వలి' చేశాను. తమిళంలో మాటలు లేక కాదు. ఎదుట ఉన్నది మగ డాక్టరు, తలుపు దగ్గర కాంపౌండరు, వెనకాల వరుసలో ముప్ఫై మంది. దొడ్డి మాట ఎలా ఎత్తేది? ఆ రెండో మాట అసలే ఎలా ఎత్తేది? పైగా 'వలిదాన్' అన్నప్పుడు ఆ 'దాన్' ఒకటి తగిలించాను చూడండి, 'నొప్పే లెండి' అన్నట్లు. డాక్టరుగారిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేనివాడిలాగా. ఆయన రెండు నిమిషాల్లో మాత్రలు వ్రాసి ఇచ్చారు. నేను చెప్పినదానికి ఆయన చేసిన వైద్యం సరిగ్గా సరిపోయింది.

ఇట్లా 2010 నుంచి 2018 దాకా నలుగురు డాక్టర్లు. ఒకరు మాత్రలు మార్చారు. ఒకరు స్కానింగు తీయించి, అంతా నార్మలుగా ఉన్నది, భయం లేదు అన్నారు. ఒకరు గ్యాస్ అన్నారు. నాలుగో ఆయన ఆమెను బయట కూర్చోబెట్టి నన్ను అడిగారు: "ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా? మనసులో దిగులు ఉంటే ఇలాగే ఉంటుంది." నేను నవ్వి ఊరుకున్నాను. లోపల మాత్రం, అవును కాబోలు అనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆమెతో అన్నాను కూడాను: స్కానింగులో ఏమీ లేదన్నారు గదా, నువ్వే కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి, అని. ఆమె సమాధానం చెప్పలేదు. ఆ తరువాత కొంతకాలం నొప్పి అని నా దగ్గర అనడం మానేసింది. తగ్గింది కాబోలుననుకొని నేను సంతోషించాను కూడా.

డాక్టర్ల మీద నిష్ఠూరం వేయడానికి ఇది వ్రాయడం లేదు సుమండీ. పూటకు వందమందిని చూసేవాళ్ళకు రెండు నిమిషాలే చేతిలో ఉంటాయి. కాని స్కానింగు నార్మలుగా ఉంటే నొప్పి లేనట్లే అనే తీర్పు మాత్రం తప్పు. ఇంగ్లండులో నైస్ అనే ప్రభుత్వ సంస్థ ఉన్నది, వైద్యులు అనుసరించవలసిన పద్ధతులు నిర్ణయించేది. అది 2017లో ఎండోమెట్రియాసిస్ అనే జబ్బు గురించి వ్రాసిన పద్ధతుల్లోనే స్పష్టంగా ఉన్నది: పరీక్షలోను, స్కానింగులోను ఏమీ కనపడకపోయినా ఆ జబ్బు లేదని తేల్చివేయరాదు, అని. మొదటిసారి బాధ చెప్పుకున్ననాటినుంచి జబ్బు ఖాయపడేదాకా నాలుగు నుంచి పది సంవత్సరాలు పట్టవచ్చునని కూడా అక్కడే ఉన్నది. మాకు ఎనిమిది పట్టింది.

ఇంట్లో పెద్దవాళ్ళు సరేసరి. "మేమంతా పడలేదా?" అన్నది మా అమ్మ. ఆవిడ పడ్డదేనేమో, ఆవిడనూ ఎవరూ అడగలేదేమో. అత్తవారివైపు మరొక ధోరణి. 2017 వేసవిలో ఆ ఊరు వెళ్ళినప్పుడు మా ఆవిడ పెద్దమ్మ, "గర్భసంచి తీయించెయ్యవే, పీడా పోతుంది" అన్నది. ఆవిడ చేయించుకున్నది, ఆవిడ తోడికోడలు చేయించుకున్నది, ఎదురింటావిడ చేయించుకున్నది. ఇది వాళ్ళ ఊరి ముచ్చటే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, పదిహేను నుంచి నలభైతొమ్మిది ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను నూటికి ఎనిమిదిమందికి పైగా ఉన్నారు. అందరికంటె మన తెలుగువాళ్ళే ముందు. అనవసరంగా చేసే ఈ ఆపరేషన్ల మీద సుప్రీం కోర్టులో దావా నడిచి, వీటిని అదుపులో పెట్టే నియమాలు అన్ని రాష్ట్రాలూ పాటించాలని 2023లో తీర్పు వచ్చింది.

అక్కడ ఒక నర్సింగ్ హోముకు తీసుకువెళ్ళారు. పది నిమిషాల్లో ఆపరేషనుకు తేదీ ఇచ్చేశారు. ఇన్నాళ్ళూ ఏమీ లేదన్న నొప్పికి ఒక్కసారిగా సంచి తీసేయడమే మందయింది! నేను డబ్బు లెక్క చూసుకుంటుంటే మా ఆవిడ అన్నది: "నొప్పి ఎందుకో చెప్పకుండా సంచి తీస్తామంటారేమిటండీ? తీశాక కూడా ఉంటే ఇంకేం తీస్తారు?" తిరిగి వచ్చేశాం. ఆ ప్రశ్న ఎంత సరియైనదో నాకు తరువాత తెలిసింది. గర్భసంచి తీయవలసిన సందర్భాలు లేకపోలేదు. కాని జబ్బు సంచి బయట ఉంటే, సంచి ఒక్కటీ తీసినంతమాత్రాన నొప్పి పోతుందని పూచీ లేదు.

2018లో ఎవరో చెప్పగా ఒక లేడీ డాక్టరు దగ్గరకు వెళ్ళాం. అలవాటు ప్రకారం నేను నోరు తెరిచాను. ఆవిడ చేయెత్తి ఆపి, "మీరు కాదండీ, వారు చెప్పాలి" అన్నారు. వారికి తమిళం రాదండీ అన్నాను. ఆవిడ ఒక నర్సును పిలిచారు. ఆ అమ్మాయిది తిరుత్తణి దగ్గర, తెలుగు ఇంటి పిల్ల. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తలుపు అవతల ఒకసారి మా ఆవిడ ఏడ్పు వినబడింది. లోపలికి పిలిచి డాక్టరుగారు నన్ను అడిగింది ఒక్కటే: "దొడ్డికి వెళ్ళేటప్పుడు నొప్పి అని, కాపురంలో నొప్పి అని, ఇన్నేళ్ళలో ఒక్క డాక్టరుకైనా చెప్పారా?"

చెప్పలేదు. సిగ్గుపడి నేను మింగేసిన ఆ రెండు మాటలే అసలు ఆనవాళ్ళట.

గర్భసంచి లోపలి పొరవంటిదే సంచి బయట, అంటే అండాశయాల మీద, సంచికీ మలద్వారపు ప్రేగుకూ మధ్య పెరగడాన్ని ఎండోమెట్రియాసిస్ అంటారు. నెలనెలా లోపలి పొరలాగే అదీ ఉబ్బి రక్తం కారుతుంది. బయటికి పోయే దారి ఉండదు. చుట్టుప్రక్కల వాచి, కాలక్రమాన ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రేగు ప్రక్కన ఉన్నప్పుడు దొడ్డికి కూర్చుంటే కోత ఎందుకు పెట్టదు? ప్రపంచంలో పిల్లల్ని కనే వయస్సులో ఉన్న ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పొత్తికడుపు నొప్పి అన్నదల్లా ఇదే అనుకోవద్దు. మూత్రాశయపు జబ్బులున్నాయి, ప్రేగుల జబ్బులున్నాయి, కటి కండరాలు బిగుసుకుపోవడం ఉన్నది, మన దేశంలో గర్భకోశపు క్షయ కూడా ఉన్నది. ఏదైనా కానివ్వండి, ఆరు నెలలు దాటి ఉంటున్న నొప్పికి కారణం వెదకవలసిందే.

ఆ డాక్టరుగారు రెండు నెలలపాటు నొప్పి వివరం రోజూ వ్రాసి తెమ్మన్నారు. ఇక్కడ మాత్రం నా ఉద్యోగం అక్కరకు వచ్చింది. ఆఫీసులో నోటితో చెప్పిన ఫిర్యాదు సాయంత్రానికి గాలిలో కలిసిపోతుంది. కాగితం మీద తేదీ వేసి ఇచ్చినదానికి ఒక నంబరు పడుతుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరవలసి వస్తుంది. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా తెలిసినవాణ్ణి, ఇంట్లో విషయానికి ఎందుకు తోచలేదో! ఒక నోటుబుక్కు తెచ్చి గళ్ళు గీశాను. తేదీ, ముట్టు ఎన్నో రోజు, నొప్పి ఎక్కడ, ఎటువంటిది, దేనివల్ల ఎక్కువైంది, ఏ మాత్ర వేసుకున్నది, తగ్గిందా లేదా. పదికి ఎన్ని మార్కుల నొప్పి అని ఒక గడి కూడా పెట్టాను. అక్కడ వచ్చింది చిక్కు. స్టవ్వు దగ్గర నిలబడలేక గోడ పట్టుకొని కూలబడిన రోజున నాలుగు అని వేసింది! ఇదేమిటంటే, "పది అంటే చచ్చిపోవడం గదా" అన్నది. అప్పుడు ఆ గడి ప్రక్కన మరొకటి గీశాను: 'ఈ రోజు ఆగిపోయిన పని.' దానిలో ఆమె తెలుగులోనే వ్రాసింది. వంట లేదు. నీళ్ళ బిందె ఎత్తలేదు. అమ్మాయి స్కూలు మీటింగుకు పోలేదు. పెళ్ళికి పోలేదు. రెండు నెలల్లో పంతొమ్మిది రోజులు. డాక్టరుగారు మార్కులు చూడలేదు, ఆ గడినే వేలు పెట్టి చదివించుకున్నారు. బాధను పూర్తిగా చూపింది ఆ గడే.

ఎం.ఆర్.ఐ. తీశారు. 2019లో లాపరోస్కోపీ చేసి, పేగు ప్రక్కన అతుక్కున్నవి విడదీశారు. తరువాత హార్మోను మాత్రలు, కటి కండరాలకు వ్యాయామం. నొప్పి పూర్తిగా పోయిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ కొన్ని నెలలు బాగుండవు. కాని ఆ పంతొమ్మిది రెండు మూడుకు దిగింది. ఏమీ లేదు అన్నవాళ్ళ మధ్య ఎనిమిదేళ్ళు ఉండడం కంటె జబ్బు పేరు తెలిసి ఉండడం నయమని ఆమె అంటుంది.

ఇది చదివి ఎవరైనా డాక్టరు దగ్గరకు బయలుదేరుతుంటే ఆమె చెప్పమన్నవి కొన్ని ఉన్నాయి. చెప్పడానికి సిగ్గనిపించిన మాటను అన్నిటికంటె ముందు చెప్పాలట. చివరకు దాచుకుంటే టైము అయిపోతుంది. పాత చీట్లు, స్కానింగు కాగితాలు తేదీల వారీగా ఒక ఫైలులో ఉండాలి. ఏమీ లేదు అంటే, "సరేనండీ, స్కానింగులో లేదు, నొప్పి ఉన్నది. ఇంకేమి కావచ్చును? తరువాత ఎవరికి చూపించమంటారు?" అని నెమ్మదిగా అడగాలి. సంచి తీయాలంటే, ఏ జబ్బుకు, అండాశయాలు ఉంచుతారా, మరో మార్గం లేదా అని అడిగి, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టకూడదు. భాష రాకపోతే నర్సులలో, ఆయాలలో ఆ భాష వచ్చే ఆడమనిషిని అడగాలి. మొగుణ్ణి తీసుకుపోవచ్చునా అంటే, "సంచీ మోయడానికి" అన్నది. మన సంఘం కుటుంబాల్లో అటునుంచి కోడలిని తెచ్చుకున్నవాళ్ళు, ఇటునుంచి షోలాపూరుకో బరంపురానికో పిల్లనిచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో తర్జుమా ఎవరు చేస్తున్నారో ఒకసారి చూసుకోండి.

ఈ సంవత్సరం మా అమ్మాయి ప్లస్ టూ. నెలకు రెండు రోజులు కాలేజీ మానుతున్నది. ఈ జబ్బు తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కొంత ఎక్కువట. మా అమ్మ మళ్ళీ "మేమంతా పడలేదా" అనబోయి, కోడలి ముఖం చూసి ఆగిపోయింది. ఆ గళ్ళ నోటుబుక్కులో మిగిలిన పేజీలు ఇప్పుడు అమ్మాయి నింపుతున్నది, కొంత తెలుగులో, కొంత తమిళంలో. వచ్చే మంగళవారం అదే డాక్టరుగారి దగ్గర చీటీ తీసుకున్నాం. లోపలికి తల్లీ కూతురూ వెళతారు.