ఉపవాసం కాస్తా... ఏడు చేపల విందైంది!

పండగంటే మనలో చాలా ఇళ్లలో మాంసం కూర ఘుమఘుమలాడాల్సిందే. ఇటలీవాళ్లు మాత్రం ఏడాదిలోకెల్లా పెద్ద పండగైన క్రిస్మస్‌కి ముందురోజు రాత్రి మాంసం జోలికే పోరు. డిసెంబరు 24న దక్షిణ ఇటలీ తీరంలో ఏ వంటింట్లో చూసినా చేపల హడావుడే. వేయించినవి కొన్ని, ఉడికించినవి కొన్ని, ఉప్పులో ఊరినవి ఇంకొన్ని! ఇప్పుడు అదే భోజనాన్ని అమెరికాలోని ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంట్లు తలకింతని ధర కట్టి వడ్డిస్తున్నాయి. ఆ బల్లల కోసం ముందే బుక్ చేసుకోవాలి కూడా. చిత్రమేంటంటే... మొదట్లో అది విందే కాదు, ఉపవాసం!

మాంసం వద్దన్నారు కాబట్టే...

క్యాథలిక్ సంప్రదాయంలో పెద్ద పండగల ముందురోజు ఉపవాసం ఉండేవారు. ఆరోజు మాంసం నిషిద్ధం. చేపని మాత్రం మాంసం కింద లెక్కేయలేదు. దాంతో తీరంలోని పేదిళ్ల ఆడవాళ్లు వలలో ఏది పడితే దానితోనే పండగపూట గడిపేవారు. 1966లో పోప్ ఆరో పాల్ నియమాలను సడలించాక ఆరోజు ఉపవాసం తప్పనిసరి కాకుండా పోయింది. నిబంధన పోయినా అలవాటు మాత్రం పోలేదు!

నేపుల్స్‌లో ఆ రాత్రి బల్లమీద ఆల్చిప్పలతో కలిపిన స్పఘెట్టీ ఉంటుంది. ఉప్పు చేపని నానబెట్టి, పిండిలో దొర్లించి వేయించిన ముక్కలుంటాయి. ఉడికించిన కాలీఫ్లవర్‌లో ఆలివ్ కాయలూ ఊరమిరపకాయలూ నెత్తళ్లూ కలిపిన సలాడ్ ఉంటుంది. చివర్లో స్ట్రుఫోలీ... వేయించిన చిన్న చిన్న పిండి ఉండల్ని తేనెలో ముంచి గుట్టగా పేరుస్తారు. చూస్తే మన బూందీ మిఠాయికి దూరపు చుట్టమే అనిపిస్తుంది. వీటన్నిటికీ తోడు కాపిటోనే అనే పెద్ద మలుగు చేప! పాములా ఉంటుంది కాబట్టి దాన్ని కోసి తింటే చెడుని జయించినట్టేనని అక్కడి పెద్దల నమ్మకం.

నెత్తళ్ల చుక్కలు

ఈ భోజనం అసలు రుచి తెలియాలంటే అమాల్ఫీ తీరంలోని చెటారా అనే చిన్న ఊరి సంగతి చెప్పుకోవాలి. వసంతం నుంచి వేసవి దాకా అక్కడి జాలర్లు సలెర్నో సింధుశాఖలో నెత్తళ్లు పడతారు. తలలూ పేగులూ తీసేసి, చెక్క పీపాల్లో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు చొప్పున పేర్చి పైన బరువు పెడతారు. నెలలు గడిచేకొద్దీ చేపల్లోంచి రసం ఊరుతుంది. చివరికి పీపా అడుగున చిల్లు పెడితే తేనెరంగు ద్రవం చుక్కచుక్కగా దిగుతుంది. దాని పేరు కొలతూరా. సరిగ్గా డిసెంబరుకి తయారవుతుంది. ప్రాచీన రోమన్లు వాడిన గారమ్ అనే చేపల రసానికి వారసురాలిది.

క్రిస్మస్ ముందురోజు చెటారాలో చేసే వంటకం ఇంతే... పచ్చి వెల్లుల్లి, ఆలివ్ నూనె, కాస్త మిరప, పార్స్లీ ఆకు, కొలతూరా ఒక గిన్నెలో కలిపి, వేడి స్పఘెట్టీ అందులో వేయడమే. జాలరి ఇంట్లో అంతకుమించి కొనాల్సిందేమీ ఉండేది కాదు. 2020లో ఐరోపా సమాఖ్య దీనికి ప్రాంతీయ గుర్తింపునిచ్చింది. ఇప్పుడు చిన్న చిన్న సీసాల్లో నింపి, మంచి ధరకే అమ్ముతున్నారు. పశువులకి ఉడికించిన ఉలవల నీళ్లతో కాచుకున్న ఉలవచారు స్టార్ హోటళ్ల మెనూలోకి ఎక్కలేదూ... ఇదీ అలాగే!

ఏడెందుకు?

1880 నుంచి 1920ల దాకా సుమారు 40 లక్షలమంది ఇటాలియన్లు అమెరికా వెళ్లారు. ఎక్కువమంది దక్షిణాది పేదలే. సొంతూళ్లో ఏడాదికోసారి దొరికే రుచి కొత్తచోట చేతికందింది. వంటకాల సంఖ్య పెరిగింది. అలా ‘ఏడు చేపల పండగ’ అనే పేరు అక్కడే స్థిరపడింది. ఇటలీలో ఆ పేరు చాలామందికి తెలియదు. ఏడెందుకంటే... క్యాథలిక్కుల ఏడు సంస్కారాలకు గుర్తని కొందరంటారు. కొన్ని ఇళ్లలో తొమ్మిది, ఇంకొన్నిళ్లలో పదమూడు కూడా చేస్తారు!

రోజంతా పొయ్యి దగ్గర నిలబడే ఓపిక తగ్గినచోట రెస్టారెంట్లు ఆ పని అందుకున్నాయి. నిప్పులమీద కాల్చిన ఆక్టోపస్, కరకరలాడే స్క్విడ్, ఆల్చిప్పల లింగ్వినీ... ఒక్కొక్కటిగా పళ్లేలొస్తాయి. ఎనభయ్యేళ్ల బామ్మకి ఆ ఒక్కరోజైనా విశ్రాంతి దొరుకుతుంది. అది తక్కువ సంగతేం కాదు.

సముద్రం ఏమంటోంది?

అసలు చిక్కు డబ్బుతో కాదు, చేపతోనే! ఉప్పుచేపగా మార్చే కాడ్‌ని ఒకప్పుడు పేదవాడి ఆహారం అనేవారు. వేట మితిమీరి చేప తరిగిపోవడంతో 1992లో కెనడా తన న్యూఫౌండ్‌లాండ్ తీరంలో దాని వాణిజ్య వేటని ఆపేయాల్సి వచ్చింది. నేపుల్స్‌వాళ్లు ముచ్చటపడే ఐరోపా మలుగు చేపైతే అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. తక్కువతో సరిపెట్టుకోవడానికి పుట్టిన భోజనం అరుదైన జీవుల్ని కోరుకోవడం ఎంతవరకూ సబబు? అందుకే మలుగు చేపని పక్కన పెడుతున్న ఇళ్లూ ఉన్నాయి. కాపిటోనే లేకపోయినా పండగ ఆగదు కదా!

ఆ లెక్కన చూస్తే, పళ్లేలు ఎన్నున్నా ఆ పాత ఉపవాసానికి ఇప్పటికీ దగ్గరగా ఉన్నది చెటారా స్పఘెట్టీనే. చిన్న చేప, ఉప్పు, ఓపిక... అంతే. ఎప్పుడైనా కొలతూరా సీసా చేతికొస్తే మీరూ చేసి చూడొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. స్పఘెట్టీ ఉడికించే నీళ్లలో ఉప్పు వేయకూడదు. కావాల్సినంత ఉప్పు ఆ చుక్కల్లోనే ఉంటుంది!