మందుల అంగడియు, మన సహకార సంఘమును



పూర్వము వైద్యము వైద్యుని యింటనో, ధర్మాసుపత్రిలోనో లభించెడిది. నేడది అంగడి సరకైనది. విజయవాడలోని సూర్యారావుపేట, గవర్నరుపేట వీధులు చిరకాలముగా వైద్యులకు ప్రసిద్ధి చెందినవి. అవనిగడ్డ, చల్లపల్లి, మొవ్వ ప్రాంతములవారు ఒకనాటి కూలి మానుకొని, బస్సెక్కి ఆ వీధులకు పోవుట వాడుక. ఇప్పుడు వైద్యమే వారి యొద్దకు వచ్చుచున్నది. 1987లో ఆరంభమైన అపోలో ఫార్మసీయు, 2006లో హైదరాబాదున పుట్టిన మెడ్‌ప్లస్సును పట్టణములందు వరుసగా దుకాణములు తెరచినవి. రక్తపరీక్షల కేంద్రములు ఇంటికే మనుష్యుని పంపి నెత్తురు తీయించుకొని పోవుచున్నవి. సెల్‌ఫోనులో వైద్యుని చీటీ పంపినచో మందులు గుమ్మము ముందుకు వచ్చుచున్నవి. ఇన్ని పరీక్షలకు ఇంత తగ్గింపు అను ప్రకటనలు పండుగ బట్టల ప్రకటనల సరసన కానవచ్చుచున్నవి.

ఇందు మేలు లేదనుట అన్యాయము. మధుమేహము, రక్తపుపోటు గల వృద్ధులు నెలనెలా పట్టణమునకు పోనక్కరలేకుండుట చిన్న సౌకర్యము కాదు. ధర ముందుగా తెలియుట, చేతికి రసీదు వచ్చుట మంచివే. మేము ఆక్షేపించునది అంగడిని గాదు; కొనువాడు తానేమి కొనుచున్నాడో యెరుగకపోవుటను. ధాన్యము కొనువాడు గింజ కొరికి చూచును. ఎద్దును కొనువాడు పండ్లు చూచును. మందు కొనువాడు ఏమి చూచును?

ఈ పాఠము పురుగుమందుల విషయమున మనకు లోగడనే అయినది. పైరున తెగులు కానరాగానే రైతు దుకాణమునకు పోయి, ఏమి కొట్టవలెనని అడుగును. అమ్మువాడు తన యొద్దనున్న దానిని ఇచ్చును. వరిలో సుడిదోమ సంగతి చూడుడు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు అనవసరముగా చల్లినచోట, దోమను తిను సాలీళ్లు మొదలగు మిత్రజీవులు ముందు చచ్చి, దోమ యినుమడించును. డబ్బు పోసి శత్రువును పెంచుకొనుట యనగా నిదియే. జ్వరము రాగానే రెండు పూటలకు సరిపడ యాంటీబయాటిక్ మాత్రలు కొని మ్రింగుటయు నిట్టిదే. జలుబునకు, వైరస్ జ్వరములకు ఆ మాత్రలు పనిచేయవు. అనవసరముగా వాడినకొలది క్రిములు వానికి లొంగకుండును. రేపు నిజముగా అవసరమైననాడు, మాత్ర యుండియు ఫలముండదు. ఇందుచేతనే 2014 మార్చి 1 నుండి అమలులోనున్న హెచ్-1 షెడ్యూలు ప్రకారము, కొన్ని మందులు అమ్మినప్పుడు వైద్యుని పేరును, రోగి పేరును పుస్తకమున వ్రాసి 3 సంవత్సరములు భద్రపరుపవలెను. మాత్రల అట్టమీద నిలువున ఎఱ్ఱగీత యున్నచో, వైద్యుని చీటీ లేక దానిని కొనరాదని గుర్తు.

పరీక్షల సంగతియు నంతే. భూసార పరీక్షకు మట్టి తీయునప్పుడు, ఏ పైరు వేయుదురని మేము ముందుగా అడుగుదుము. ప్రశ్న లేని పరీక్షకు జవాబుండదు. ఆరోగ్యవంతులలో నూటికి 95 మందికి వచ్చు అంకెలను బట్టి పరీక్షల హద్దులు ఏర్పరచుట సాధారణము. కావున 70 పరీక్షలు ఒక్కమారు చేయించుకొనిన ఆరోగ్యవంతునికి సైతము రెండు మూడు అంకెలు హద్దు దాటి కానవచ్చుట వింత గాదు. ఆ భయముతో మరికొన్ని పరీక్షలు, మరికొంత వ్యయము. ముప్పది యేండ్లు దాటినవారు రక్తపుపోటును, చక్కెరను చూపించుకొనుట మాత్రము అవసరము. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా చూతురు.

ఇక ధర మాట. యూరియా బస్తామీద ఏ కంపెనీ పేరున్నను, లోపలిది నూటికి 46 పాళ్లు నత్రజనియే యని మన రైతు లెరుగుదురు. మందుల విషయమునను ఈ తెలివి రావలెను. వ్యాపార నామముతోపాటు మందు అసలు పేరును, మోతాదును అట్టమీద ముద్రింపబడియుండును. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు ఏ పేరున అమ్మినను మెట్‌ఫార్మినే. మూర్ఛ మొదలగు కొన్ని వ్యాధులకు మాత్రము వైద్యునితో చెప్పియే మందు మార్చవలెను. 2008లో మొదలైన జనౌషధి దుకాణములలో వ్యాపార నామములు గల మందులకంటె 50 నుండి 90 శాతము తక్కువ ధరకు మందులు దొరకునని ప్రభుత్వము చెప్పుచున్నది. ఇట్టివి 2025 నాటికి దేశమున 15,000 దాటినవి.

మాకు ముఖ్యముగా తోచిన విషయ మిది. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 2,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు జనౌషధి కేంద్రములు తెరచుటకు అవకాశము నిచ్చినది. 120 చదరపు అడుగుల గది, అర్హతగల ఫార్మసిస్టు, మందుల లైసెన్సు కావలెను. ఎరువులు, విత్తనములు అమ్ముచున్న సంఘమునకు గది కరవు గాదు. ఫార్మసిస్టు జీతమే కష్టము. ఒక్క సంఘమునకు భారమైనచో, ఇరుగుపొరుగు సంఘములు కలిసి ఒకే దుకాణమునకు పూనుకొనవచ్చును.

మందుల వ్యాపారము మన పనియా యని కొందరడుగుదురు. నారుమళ్లకని తెచ్చిన అప్పు ఆసుపత్రి బిల్లునకు పోవుటయు, పైరునకు మరల వడ్డీవ్యాపారి యొద్ద చేయి చాచుటయు మేము ఊరూర చూచుచున్నాము. పంట అప్పు మన పనియైనప్పుడు, ఆ యప్పును మ్రింగు మందుల ఖర్చును మన పనియే. మఱియు, లాభమునకై వచ్చినవాడు లాభము లేనినాడు పోవును. అమెరికాలో వాల్‌మార్ట్ కంపెనీ తన అంగళ్లను ఆనుకొని 2019 నుండి వైద్యశాలలు తెరచి, గిట్టుబాటు కాలేదని 2024లో 51 వైద్యశాలలను మూసివేయ నిశ్చయించినది. అంత ధనవంతుడే నిలువలేనిచోట, మారుమూల లంక గ్రామమున ఎవడు నిలుచును? సభ్యులదైన దుకాణము సభ్యులున్నంతకాలము నిలుచుట కవకాశము గలదు. అయితే సరకు నిండుకొనక, అరువు పెరుగక, పాలకవర్గపు బంధువులకు ఉద్యోగశాల గాకుండ నడపిననే ఆ మాట నిజమగును.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడని మా మనవి. అంతవరకు ప్రతి సభ్యుడును తన యింట వాడు మందుల అసలు పేర్లను ఒక కాగితముపై వ్రాసికొని, నెలకు ఎంత వ్యయమగుచున్నదో లెక్క కట్టుడు. ఆ కాగితములన్నియు ఒకచోట చేర్చినచో, సంఘమునకు దుకాణము కావలెనో అక్కరలేదో మీకే తెలియును.