బీలని పూడ్చి ఆకుని కనిపెడతారట

ఎండతో కార్బన్ డయాక్సైడ్‌ని ఇంధనంగా మార్చేస్తారట! ఇక బొగ్గు ఎంత కాల్చినా బెంగ లేదట! ఈ మాట శాస్త్రవేత్తలు అనరు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. బాయిలర్లు అమ్మేవాళ్లూ, వాళ్ల పక్కన నిలబడి రిబ్బన్లు కత్తిరించేవాళ్లూ అంటారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

1979లో ఇనొవే, ఫుజిషిమా, హోండా తదితర జపాన్ శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్ లాంటి పొడుల్ని నీళ్లలో కలిపి, కార్బన్ డయాక్సైడ్ పంపి, వెలుతురు కొట్టి మిథనాల్ తీసి చూపించారు. గొప్ప పనే, కాదనను. కానీ టైటానియం డయాక్సైడ్ ఎండలో అతినీలలోహిత కిరణాలనే పట్టుకుంటుంది. అది నూటికి 5 పాళ్లు. పైగా కార్బన్ డయాక్సైడ్ అంటే కాలిపోయిన కార్బన్. కాలినప్పుడు వచ్చిన వేడంతా తిరిగి పోస్తే గాని అది మళ్లీ ఇంధనం కాదు. అందుకే ఇన్నేళ్లయినా ఈ ప్రయోగాల దిగుబడి ఎక్కువగా గ్రాము పొడికి గంటకు ఇన్ని మైక్రోమోల్స్ అనే లెక్కలోనే ఉంది. 10 మైక్రోమోల్స్ మీథేన్ అంటే మిల్లీగ్రాములో ఆరో వంతు. దాంతో స్టవ్ కూడా వెలగదు.

ఇటు చూడండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలలో పెట్టబోయింది 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు. బొగ్గు కరెంటు యూనిట్‌కి దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పూర్తిగా నడిపితే రోజుకు సుమారు 60 వేల టన్నులు. మధ్యప్రదేశ్ వింధ్యాచల్‌లో పొగని పట్టి మిథనాల్ చేయడానికి ఎన్టీపీసీ కట్టిన యూనిట్ పట్టగలిగేది రోజుకు 20 టన్నులు. ఇరవై! అది కూడా ఎండతో కాదు, హైడ్రోజన్ కలిపి వేడి మీద.

బీలని కాగితాల్లో బంజరన్నారు. ఆ బంజరులో నీళ్లు, నీళ్లలో జమ్ము, తుంగ, చేపలు, గట్టున గేదెలు, కింద నల్లటి బురద. జమ్ము పగలంతా ఎండ పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌ని తింటుంది. చచ్చి బురదలోకి దిగితే నీటి అడుగున గాలాడక కుళ్లడం మందగిస్తుంది, అందులోని కార్బన్ కొంత అక్కడే ఉండిపోతుంది. ప్రయోగశాలలో చేయాలనుకుంటున్నది ఆ గడ్డి ఎవరూ జీతం ఇవ్వకుండానే చేస్తోంది. దాన్ని పూడ్చి బొగ్గు కాలుస్తామన్నారు!

వద్దన్నవాళ్ల మీద 2010 జూలై 14న తుపాకులు పేలాయి, ఇద్దరు పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న ఇదే జిల్లాలో, మరో థర్మల్ ప్లాంటుని వద్దన్న కాకరాపల్లి తంపర (అదీ చిత్తడి నేలే) దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. ఈ జిల్లాలో గాలిలోకి వెళ్లకుండా కార్బన్‌ని ఆపింది ఏ ఉత్ప్రేరకమూ కాదు, బీల రైతులూ మత్స్యకారులూ. వాళ్లకి దక్కింది కేసులు.

పరిశోధనకి డబ్బివ్వండి, ఇంకా ఇవ్వండి. కానీ ఏ థర్మల్ ప్లాంటు అనుమతి కాగితంలోనూ ‘మున్ముందు పొగని ఇంధనంగా మారుస్తాం’ అన్న వాక్యానికి ఒక్క మార్కు కూడా వేయొద్దు. ఎన్ని టన్నులు పట్టారో తూచి చూపించాకే మాట్లాడమనండి. ఈలోగా ఎండని నేరుగా కరెంటు చేసే పలకలు నూటికి 20 పాళ్లు ఇస్తున్నాయి. అవి కొనండి. బీల జోలికి రావద్దు.