ఆట గొప్పదా? అమరిక గొప్పదా?

విద్యార్థి మిత్రులు ఇద్దరు కలిసిన చోట నేడు వీడియో గేముల ప్రస్తావన తప్పదు. ఏ కన్సోల్ బలమైనది, ఏ ఆటలో బొమ్మలు స్పష్టమైనవి అన్న వాదమే తరచు వినవస్తుంది. వాదం మంచిదే, దాని కొలబద్ద మారవలెనని మా అభిప్రాయం.

నౌపడ వాసులకు ఒక్క ఉపమానం చాలును. 1900లో పర్లాకిమిడి రైలుదారి ఇచ్చటినుండి రెండున్నర అడుగుల సన్న పట్టాలపై మొదలైనది. పెద్ద పట్టాల బండి దానిపై నడవదు. కనుక ఒక బండిలోని సరుకును ఇచ్చట దించి మరొక బండికి ఎక్కించవలసి వచ్చేది. బండ్లు రెండూ మంచివే, లోపం అమరికది. 2011లో గుణుపురం వరకు పెద్ద పట్టాలు పడిన తరువాతనే ఆ తేడా తొలగినది.

కన్సోళ్ల కథయు ఇట్టిదే. నింటెండో 1983లో జపానులో విడుదల చేసిన ఫామికాం క్యాసెట్టుకు 60 పిన్నులు. 1985లో అమెరికాకు పంపిన యంత్రపు క్యాసెట్టుకు 72. ఒకదానిది మరొకదానిలో ఇమడదు. సోనీ వారి ప్లేస్టేషన్ 2 మాత్రం 2000లో వచ్చినపుడు, దాదాపు పాత ప్లేస్టేషన్ ఆటలన్నిటిని ఆడించినది. కొన్నవారి సొమ్ము వృథా కాలేదు.

2006లోనే ప్లేస్టేషన్ 3 వచ్చినను, 2009లో హైదరాబాదు సంస్థ గేమ్‌శాస్త్ర పాత ప్లేస్టేషన్ 2 కొరకు 'దేశీ అడ్డా' రూపొందించి, కబడ్డీని, గిల్లీదండాను తెరకెక్కించినది. మన ఆటకు పాత యంత్రమే చాలినది.

సామాన్య కుటుంబం ఇట్టి వస్తువును మాటిమాటికి కొనలేదు. కావున పాత ఆట కొత్త యంత్రంలో ఆడునా అన్నదే మన మొదటి ప్రశ్న కావలెను. కళాశాల కార్యవర్గం పాడైన కన్సోల్ ఒకటి సంపాదించి విద్యార్థులచే విప్పించి చూపిన, నేటి వాదకులే రేపటి నిర్మాతలు కాగలరు.