మాటల తూకము

పదవ తరగతి తెలుగు ప్రశ్నపత్రము పర్యాయపదములు వ్రాయుమని విద్యార్థిని నేటికిని అడుగుచున్నది. "మరణము" అని యిచ్చినచో చావు, మృతి, నిధనము అని వ్రాసినవానికి మార్కులు వచ్చును. ఇందు దోషము లేదు. పదసంపద బాలునకు కావలసినదే. కాని యీ మాటలన్నియు నొక్కటే యను భావముతో విద్యార్థి పరీక్షామందిరము వెడలివచ్చుచున్నాడు. అదియే మేము శంకించు విషయము. పొరుగింటి పెద్దవారిని గూర్చి "పోయినారు" అందుము. గిట్టనివానిని గూర్చి "చచ్చినాడు" అందుము. దేశమునకై ప్రాణమిచ్చినవానిని "అమరుడైనాడు" అని చాటుదుము. వైద్యుడు తన పత్రమున "మృతి చెందెను" అని వ్రాయును. జరిగిన సంగతి యొక్కటే. చెప్పువాని మనస్సు మాత్రము మాట మాటకును మారుచున్నది. ఆ మనస్సును కనిపెట్టుట నేర్పని భాషాబోధ సగము బోధయే యని మా యభిప్రాయము.

ఇది పండితుల గోష్ఠికి మాత్రమే తగిన ముచ్చటయని కొందరు తలపవచ్చును. న్యాయస్థానముల గుమ్మము తొక్కినవారట్లు తలపరు. "చేయి తగిలినది", "చేయి వేసినాడు", "చేయి చేసికొన్నాడు" – మూడింటను ఉన్నది చేయియే. మొదటిదానిలో నేరమే లేదు, రెండవదానిలో అనుమానమున్నది, మూడవదానిలో దెబ్బ యున్నది. పల్లెటూరి సాక్షి మొదటి మాట చెప్పగా, అది మరియొక భాషలోనికి మారి కాగితమెక్కునప్పటికి మూడవ మాట యైనచో, ఒక కుటుంబము ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చును. ఆ కాగితమును చదివి వినిపించినప్పుడు "అయ్యా, నేనన్న మాట యిది కాదు" అని చెప్పగల తెలివి ఆ సాక్షికెక్కడ రావలయును? పాఠశాలలోనే గదా!

ఒక్క మాట యర్థముపై దేశనాయకులు చెరసాలలకేగిన కాలమును మన చరిత్ర యెరుగును. 1897లో లోకమాన్య తిలకుపై బొంబాయి ఉన్నత న్యాయస్థానమున రాజద్రోహ విచారణ జరిగెను. శిక్షాస్మృతి 124-ఎ సెక్షనులో "డిసఫెక్షను" అను మాట యుండెను. న్యాయమూర్తి స్ట్రాచీ జూరీకి దానిని వివరించుచు, ప్రభుత్వముపై ప్రీతి లేకపోవుటయే డిసఫెక్షను అని చెప్పెను. ప్రీతి లేకపోవుట వేరు, ద్వేషించుట వేరు. ఈ రెంటి నడుమనున్న దూరమంతయు ఒక్క వ్యాఖ్యతో చెరిగిపోయెను. తిలకునకు 18 మాసముల కఠినశిక్ష పడెను. మరుసటి యేడు, 1898లో, ఆ సెక్షనును సవరించి రాజభక్తి లేకుండుటను, శత్రుభావమును గూడ ఆ మాట యర్థములో చేర్చిరి. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సెక్షను అమలును నిలిపివేసెను. 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత అమలునకు రాగా పాత శిక్షాస్మృతితో బాటు అదియు తొలగినది. క్రొత్త సంహితలో 152వ సెక్షను మరికొన్ని మాటలతో వచ్చినది. ఆ మాటల బరువును తూచవలసినవారు నేడు బడిబల్లలపై కూర్చున్న పిల్లలే.

మాట నేరమును సృష్టించుటయే గాక నేరమును మరుగుపరుపను గూడ గలదు. 1919 ఏప్రిల్ 13న అమృతసరమునందలి జలియన్‌వాలా బాగులో సైన్యము నిరాయుధులపై కాల్పులు జరిపెను. ప్రభుత్వము లెక్క ప్రకారమే 379 మంది మరణించిరి. ఆ కాలపు సంఘటనలను విచారించుటకు హంటరు అధ్యక్షతన ఏర్పడిన సంఘమునకు పెట్టిన పేరు "అల్లరుల విచారణ సంఘము". ఈ పేరు చదివినవానికి తుపాకి పట్టినవాడు కనబడడు. గుమిగూడిన జనమే ముద్దాయిగ కనబడును. నూరేండ్లు గడచిన పిమ్మట, 2019లో, బ్రిటిషు ప్రధాని థెరెసా మే తమ పార్లమెంటులో ఆ దారుణమునకు విచారము వెలిబుచ్చెను గాని క్షమాపణ చెప్పలేదు. విచారము చూచినవాడును పడవచ్చును. క్షమాపణ చేసినవాడే చెప్పవలయును. ఈ భేదము తెలిసిన బాలునకు ఆనాటి వార్త యొక విధముగ వినబడును, తెలియని బాలునకు వేరొక విధముగ వినబడును.

మాటను చక్కగ ఎన్నుకొని జాతిని నిలబెట్టినవారును గలరు. దక్షిణాఫ్రికాలో 1906లో ప్రారంభమైన పోరాటమును మొదట "పాసివ్ రెసిస్టెన్సు" అనుచుండిరి. అందు బలహీనుని ఆయుధమను ధ్వని యున్నదనియు, ద్వేషమునకును చోటున్నదనియు గాంధీజీ తలచి, తగిన పేరు సూచింపుడని ఇండియన్ ఒపీనియన్ పత్రిక ద్వారా పాఠకులను కోరిరి. మగన్‌లాల్ గాంధీ "సదాగ్రహము" అని సూచించెను. గాంధీజీ దానిని "సత్యాగ్రహము" అని దిద్దిరి. మన యాంధ్రదేశముననే మరియొక నిదర్శనము గలదు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ పేరిట కూడినవారు, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, ఆ పేరును త్రోసిపుచ్చి తాము ఆది ఆంధ్రులమని ప్రకటించిరి. పంచముడనగా అయిదవవాడు, లెక్కకు వెలుపల నిలిపినవాడు. ఆది యనగా మొదటివాడు. 1922లో చెన్నపురి ప్రభుత్వము ఆ పేరును అంగీకరించెను. పేరుతో కూలి పెరుగదు, భూమి రాదు. అయినను ఇతరులు పెట్టిన పేరును కాదని తన పేరును తాను చెప్పుకొన్నవాడు తక్కిన హక్కులను అడుగుటకు ఒక మెట్టు పైకెక్కినవాడే.

ఇక నేటి వార్తలను చూతము. "కాల్పులు జరిగినవి, ఇద్దరు మృతి చెందిరి" అని వ్రాయుదురు. కాల్చినదెవరు? వాక్యములో కర్త లేడు. విచారణయైనను ప్రారంభము కాకమునుపే "నిందితుడు" అనవలసిన చోట "దొంగ" యందురు. పట్టుబడినవాడు కూలివాడైనచో "వాడు" అనియు, కోట్లకధిపతియైనచో "ఆయన" యనియు నోటికి వచ్చును. చట్టము దృష్టిలో ఇరువురును సమానులని రాజ్యాంగము చెప్పుచుండగా, ఒక్క సర్వనామము తీర్పు చెప్పివేయుచున్నది. పత్రికలవారమైన మేమును ఈ విచారణకు వెలుపల నుండ గోరము. విద్యార్థులు మా వాక్యములనే త్రాసులో పెట్టి తూచినను మాకు సంతోషమే.

ఉపాధ్యాయులు దీనికి క్రొత్త గ్రంథములను కొనవలసిన పని లేదు. ఒక సంగతిని నల్లబల్లపై వ్రాసి, ఒక్క క్రియను మార్చి చూపిన చాలును. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసుఠాణాపై బడెను. అచటి తుపాకులను వారు "దోచుకొనిరి", "పట్టుకొనిపోయిరి", "స్వాధీనము చేసికొనిరి" అని మూడు వాక్యములు వ్రాయుడు. మొదటి వాక్యమును ఎవడు వ్రాసియుండును, మూడవదానిని ఎవడు వ్రాసియుండును అని పిల్లల నడుగుడు. "పితూరీ", "తిరుగుబాటు", "పోరాటము" అను మూడు పేర్లను గూర్చియు అట్లే అడుగుడు. వ్యాకరణమును, చరిత్రమును, పౌరధర్మమును ఒక్క గంటలో నేర్పినట్లగును.

ఇట్లు నేర్పినచో పిల్లలు మాటలతో మాయచేయువారగుదురని కొందరు పెద్దలు జంకుచున్నారు. తూనికరాళ్లను గూర్చి తెలిసికొన్నవారందరును దొంగతూకము వేయుదురా? దొంగతూకమును పట్టుకొనువారును వారే గదా! పరీక్షకు రాని దానిని బోధింపుటకు వేళ లేదని ఉపాధ్యాయులు చెప్పు మాటలో నిజము గలదు. అందుచేత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల పరీక్షాధికారులకు మేము చేయు విన్నపము మిక్కిలి చిన్నది. పర్యాయపదములు వ్రాయుమను ప్రశ్నకు క్రింద మరియొక ప్రశ్నను చేర్పుడు: "ఈ వాక్యములో ఈ మాటకు బదులు ఆ మాట నుంచినచో చెప్పువాని యభిప్రాయమెట్లు మారును?" ప్రశ్నపత్రము మారిన దినమున తరగతిగది మారును. నేడు వార్తలను, చట్టములను, ఎన్నికల వాగ్దానములను చదువుచున్న కోట్లాది తెలుగువారి పిల్లలకు ఇంతకంటె అక్కరకు వచ్చు భాషాపాఠము మరియొకటి మాకు తోచుట లేదు.