కాజీపేటకు డేగ అక్కర్లేదు

పావురాల బాధ పడలేక, డేగను మచ్చిక చేసి వాటి మీదికి వదిలితే సరిపోతుందనే మాట ఈమధ్య మన పట్టణాల్లో తరచుగా వినిపిస్తోంది. వింబుల్డన్ టెన్నిస్ కోర్టుల మీద రూఫస్ అనే డేగ చక్కర్లు కొట్టే వీడియో ఫోన్లలో తిరుగుతోంది. విషం పెట్టే పని లేదు, వల వేసే పని లేదు, డేగ నీడ పడితే చాలు పావురాలు లేచిపోతాయి, ఎవరికీ ఏ హింసా లేదు అంటారు. కాజీపేట జంక్షన్‌లో ప్లాట్‌ఫారం కప్పు కింద ఇనుప దూలాల మీద కూర్చున్న పావురాలను చూసినా, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో బాల్కనీ రెట్టల గొడవ లేచినా ఇదే సలహా. ఈ సలహా తప్పు. మంచి మనసుతో ఇస్తున్నదే అయినా తప్పు.

పావురాల బాధ లేదని నేననడం లేదు. ఎండిన రెట్ట పొడిని ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. డాక్టర్లు దాన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ఏసీ డబ్బా వెనక నాలుగు పుల్లలు, రెండు వైరు ముక్కలు పేర్చి పెట్టిన గూటిని ఒక్కసారి కడిగినవాళ్లకు ఆ కంపు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. బాధ నిజమైనది కాబట్టే మందు సరైనదై ఉండాలి.

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన డేగలు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్లోనే. వాటిని పట్టడం నేరం. శిక్ష 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు, పైన జరిమానా. వింబుల్డన్ డేగ అమెరికా ఖండాల జాతి. అలాంటిదాన్ని తెప్పించుకోవాలన్నా వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతులు కావాలి, ఇక్కడ రిజిస్ట్రేషన్ కావాలి. బ్రిటన్‌లో ఈ పనికి వాడే డేగలు మనుషుల దగ్గరే పుట్టి పెరిగినవి. మన దగ్గర ఆ ఏర్పాటే లేదు. మరి ఇక్కడ ఎవరో ఒక కాంట్రాక్టరు చేతి మీద డేగతో వచ్చి నెలకింత అని బేరం పెడితే, ఆ డేగ ఎక్కడిదై ఉంటుంది? ఏ చెట్టు మీది గూట్లో నుంచో పిల్లగా ఉన్నప్పుడు తీసినదై ఉంటుంది, లేదా వలేసి పట్టినదై ఉంటుంది. డబ్బు పెట్టేవాళ్లు తయారైతే పట్టేవాళ్లు తప్పకుండా తయారవుతారు. పావురం మీద దయతో మొదలైన ఆలోచన డేగ గూటిని దోచుకోవడం దగ్గర తేలుతుంది.

డేగవేట మన సంప్రదాయమే కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున 12వ శతాబ్దంలో వచ్చిన మానసోల్లాసంలో డేగలతో ఆడే వేటకు ప్రత్యేకంగా చోటుంది. మన హనుమకొండ కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాలమది. అయితే అది రాజుల వినోదం, ఊరి నుంచి పక్షులను తరిమే పద్ధతి కాదు. దానికి కావలసిన పక్షులన్నీ అడవి నుంచి పట్టి తెచ్చినవే.

హింస లేదనే మాట కూడా నిలవదు. మచ్చిక చేసిన డేగను దగ్గర నుంచి చూడండి. కాళ్లకు తోలు పట్టీలు, ఎగరని వేళ తలకు టోపీ. పొద్దున్నే త్రాసు మీద నిలబెట్టి గ్రాముల్లో తూకం వేస్తారు. కడుపు నిండిన డేగ పిలిచినా చేతి మీదికి రాదు, ఏ కొమ్మ మీదో కూర్చుండిపోతుంది. అందుకని ఎగరడానికి తగిన బరువు ఒకటి లెక్కగట్టి, ఆ బరువు దాటకుండా తిండి కొలిచి పెడతారు. అనుభవమున్న పెంపకందారు దాన్ని నీరసపడనివ్వడు, ఆ నేర్పును నేను కాదనను. ఆ నేర్పు లేనివాడి చేతిలో మాత్రం డేగ ఎండిపోయి చస్తుంది. ఇక తరమడానికే వదిలినా వేటపక్షి వేటపక్షే. అందిన పావురాన్ని పట్టుకుంటుంది.

పోనీ, ఇంత చేసినా ఫలితం ఉంటుందా? వింబుల్డన్‌లో ఈ పని రెండు దశాబ్దాలకు పైగా సాగుతూనే ఉంది. డేగ రావడం మానితే పావురాలు వస్తాయి గనుకే ఆగకుండా సాగుతోంది. చేను కాసిన మన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. దిష్టిబొమ్మకు గువ్వలు రెండు రోజులు భయపడి మూడో రోజు దాని భుజం మీదే వాలతాయి. అందుకే మంచె మీద మనిషి, చేతిలో ఒడిసెల ఉండాల్సి వచ్చేది. కోతుల విషయంలోనూ ఇదే చూశాం. ఢిల్లీలో కోతులను తరమడానికి కొండముచ్చులను తాళ్లు కట్టి తిప్పారు. వాటికీ చట్టరక్షణ ఉందని కేంద్రం 2012లో ఆ పని ఆపించాక, కొండముచ్చులా అరిచే మనుషులను పెట్టారు. 2023 జీ20 సదస్సు నాటికి అట్ట కొండముచ్చులు నిలబెట్టారు. కోతులు అక్కడే ఉన్నాయి. మన పల్లెల్లోనూ కొండముచ్చును తెచ్చి కట్టిన ఊళ్లున్నాయి, ఫ్లెక్సీలు పెట్టిన ఊళ్లున్నాయి. కోతులు పక్క వాడకు పోయాయి, తర్వాత తిరిగి వచ్చాయి.

పావురం ఎందుకు ఉందో అడగకుండా ఎలా పోతుందని అడగడంలోనే తప్పుంది. తిండి ఏడాది పొడుగునా దొరికితే పావురం ఏడాదిలో ఐదారు సార్లు కూడా గుడ్లు పెట్టగలదు, ఈతకు రెండు. పద్దెనిమిది రోజుల్లో పిల్లలవుతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతుసంచిలో ఊరే పాలు పట్టి పెంచుతాయి కాబట్టి పిల్లల కోసం పురుగులు వెతికే పని కూడా లేదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం 1961 నుంచి 1985 దాకా దాదాపు లక్ష పావురాలను చంపించింది. లెక్క తగ్గలేదు. 1988లో పద్ధతి మార్చి, గింజలు వేయవద్దని జనానికి చెప్పి, కొన్ని గూళ్లు తామే కట్టి గుడ్లు తీసేస్తూ వచ్చారు. నాలుగేళ్లలో పావురాలు దాదాపు సగానికి తగ్గాయి. లండన్ ట్రాఫాల్గర్ స్క్వేర్‌లో డేగలను తిప్పిన మాట నిజమే. అక్కడ గింజలమ్మేవాళ్లను ముందే పంపించారని, 2003లో గింజలు వేయడాన్నే నిషేధించారని వీడియో పంపేవాళ్లు చెప్పరు.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయాన్ని తిరిగి తెరవడానికి 2025లో అనుమతి వచ్చింది. అక్కడికైనా డేగలు కావాలంటారేమో. మన దేశంలో విమానాలకు ప్రమాదం తెచ్చే పక్షుల్లో ముందుండేది గద్ద. డేగను చూసి గద్ద ఊరు విడిచిపోదు. 1937 విమాన నియమాల్లో 91వ నియమం విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల చెత్త వేయకూడదు, పశువులను కోయకూడదు అంటుంది. ఆ నియమం రాసినవాళ్లు పక్షిని కాదు, పక్షి తిండిని చూశారు.

కాజీపేటలో మనం చేయగలిగింది చాలా ఉంది. గూడ్సు బస్తాల నుంచి రాలిన బియ్యం, మక్కలు ఆ పూటకాపూట ఊడ్చేయాలి. ప్లాట్‌ఫారం దూలాల మీద పక్షి నిలవలేని ఏటవాలు రేకు బిగించాలి. 2023 జులై 8న ప్రధాని శంకుస్థాపన చేసిన అయోధ్యాపురం రైల్వే తయారీ యూనిట్‌లో పెద్ద పెద్ద షెడ్లుంటాయి. వాటి దూలాల్లో సందులు గూళ్లు కాకముందే మూయించాలని రైల్వే అధికారులను కోరుతున్నాను. ఇళ్లల్లో వాడుతున్న వలలను బిగువుగా కట్టండి. వదులు వలలో పక్షి కాలు చిక్కి ఎండకు చస్తుంది.

గుడి ముందో దర్గా ముందో దోసెడు జొన్నలు చల్లితే పుణ్యమని నమ్మేవాళ్లను నేను తప్పుపట్టను. పక్షికి పెట్టాలనే గుణం మంచిది. ఆ గుణానికి మన పెద్దలు వసారా చూరుకు వరికంకుల కుచ్చు కట్టారు. పిచ్చుక దాన్ని పట్టుకుని వేలాడి గింజ తింటుంది, బరువైన పావురానికి అక్కడ నిలవడం కష్టం. ఈ పంటకు ఒక కుచ్చు కట్టండి, గింజలు నేల మీద చల్లడం మానండి. డేగతో ఎవరైనా మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వస్తే బేరమాడకండి, అటవీ శాఖకు ఫోన్ చేయండి.