చూడగానే తెలియాలి

మా మావయ్యగారు మిలిటరీలో చేసి వచ్చినవారు. 1971 యుద్ధంలో ఎస్.ఎల్.ఆర్. తుపాకీ పట్టారు. మొన్న ఆయనకి 75 ఏళ్లు నిండాయి. "తాతయ్యకి మళ్లీ శాలువాయేనా అమ్మా? ఆ తుపాకీ తూటా ఒకటి సంపాదించి, మందు తీసేసి, స్టాండు మీద పెట్టి ఇద్దాం" అన్నాడు మా అబ్బాయి. ఎవరో స్నేహితుడి ఇంట్లో పాతది ఒకటి ఉందట కూడా.

ఆలోచన నచ్చింది. పద్ధతి నచ్చలేదు.

మనం మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం గానీ, బుల్లెట్ అంటే ముందుండే ముక్క మాత్రమే. వెనక ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున చిన్న క్యాప్ ఉంటాయి. మందు తీసేసినా ఆ క్యాప్ దెబ్బ తగిలితే పేలుతుంది. అదీగాక, ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడం నేరం. మాజీ సైనికుడి ఇల్లయినా అంతే. పుట్టినరోజు కానుకగా పెద్దాయనకి కేసు కట్టబెడతామా?

చట్టం సంగతి అలా ఉంచండి. నా అసలు భయం వేరు. ఇలాంటి జ్ఞాపకాలు మనకంటే ఎక్కువ కాలం బతుకుతాయి. ముప్ఫై ఏళ్ల తర్వాత బీరువా సర్దే కోడలికో, దాన్ని రాయితో కొట్టి చూసే పసివాడికో "ఇందులో ఏమీ లేదమ్మా" అని చెప్పడానికి మనం ఉండం. అందుకే ఆ మాట వస్తువే చెప్పాలి.

మా వాడు ముందు మొహం ముడుచుకున్నా, తర్వాత వాడే లేత్ షాపుకి వెళ్లాడు. 12 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని 51 మిల్లీమీటర్ల గొట్టం ఆకారంలో తీయించాడు. ముందు భాగానికి రాగి ముక్క బిగించారు. మొత్తం పొడవు 71 మిల్లీమీటర్లు, అచ్చం ఎస్.ఎల్.ఆర్. తూటా కొలతే. కానీ లోపల బోలు లేదు, అంతా గట్టి లోహం. క్యాప్ ఉండాల్సిన చోట చిన్న గుంట వదిలేశారు. నడుముకి అడ్డంగా ఆరపార బెజ్జం వేయించాం. కింద పీటకి ఏటికొప్పాక లక్క పని చేసిన అంకుడు కర్ర. పీట అడుగున "అలంకారానికి మాత్రమే" అని చెక్కించాం. అయినా దీన్ని విమానం సంచిలో పెట్టొద్దని వాడికి గట్టిగా చెప్పాను. ఎక్స్‌రేలో ఆకారం చూసే ఆపేస్తారు.

పుట్టినరోజు నాడు మావయ్యగారు దాన్ని చేతిలోకి తీసుకుని, మొదట అడుగు చూశారు. తర్వాత కిటికీ వైపు ఎత్తి బెజ్జంలోంచి చూశారు. "డ్రిల్ రౌండు! కొత్తగా చేరినప్పుడు మాకు లోడింగు వీటితోనే నేర్పారు. బెజ్జం చూస్తేనే ధైర్యం" అన్నారు. ఆ సాయంత్రం మనవడికి ఆయన చెప్పిన కబుర్లు, ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో ఉన్న నేనూ ఎప్పుడూ వినలేదు.

నిజం తూటా తెచ్చి ఉంటే ఆయన ముందు మమ్మల్ని తిట్టి, తర్వాత పోలీస్ స్టేషనుకి బయల్దేరేవారు. ఆయన్ని గుర్తు చేసుకోవడానికి పేలే వస్తువు ఎందుకు చెప్పండి? ఆయన చేత మాట్లాడించే వస్తువు చాలదూ!